పొడుం డబ్బీ మీద రాజుగారి ముఖం ఎందుకు?

1785 జూలైలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పారిస్ వదిలి ఇంటిదారి పట్టాడు. కొత్తగా పుట్టిన అమెరికా తరఫున ఎనిమిదిన్నరేళ్లు ఫ్రాన్స్‌లో ఉండి, తన దేశానికి అప్పు, సైన్యం, సంధి అన్నీ సాధించిపెట్టిన మనిషి. వెళ్లిపోతున్న రాయబారిని కానుకతో సాగనంపడం ఫ్రెంచి దర్బారు ఆనవాయితీ. పదహారో లూయీ ఆయనకు ఇచ్చింది అరచేతిలో ఇమిడిపోయే తన సొంత బొమ్మ. సికార్ అనే చిత్రకారుడు వేసిన ఆ బొమ్మ చుట్టూ 408 వజ్రాలు పొదిగి ఉన్నాయి. అంతకు ఐదేళ్ల ముందు అదే రాజు ఆర్థర్ లీ అనే మరో అమెరికన్ ప్రతినిధికి తన బొమ్మ ఉన్న బంగారు పొడుం డబ్బీ ఇచ్చాడు. దానికీ వజ్రాలున్నాయి.

రాజు తన ముఖాన్ని పోయి పోయి ముక్కుపొడుం డబ్బీ మీద వేయించడం ఏమిటి? పెద్దల పటాన్ని గోడకు ఎత్తున కట్టి దండ వేసే అలవాటు మనది. పొడుం డబ్బీ బొడ్లో దోపుకునే వస్తువు. చిటికెడు తీసి, ముక్కులోకి ఎగబీల్చి, మిగిలింది పంచెకు తుడుచుకునే పెద్దవాళ్లను మన ఊళ్లలో నిన్నమొన్నటిదాకా చూశాం. ఆ వస్తువు మీద రాజుగారా! ఈ ప్రశ్న వెంట పడితే తప్ప మ్యూజియం అద్దాల వెనక మెరిసే ఈ డబ్బీలు అర్థం కావు. పక్కన పెట్టిన చీటీ మీద "పొడుం డబ్బీ, బంగారం, ఎనామెల్, పారిస్" అని ఉంటుంది. ఆ నాలుగు మాటల్లో నాలుగు వేర్వేరు కథలు ఒకదానికొకటి చుట్టుకుని ఉంటాయి.

ముందుగా పేరు చిక్కు విప్పాలి. ఫ్రెంచివాళ్లు ఈ కానుకను "బొమ్మ ఉన్న పెట్టె" అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు. 17వ శతాబ్దం చివర్లో, పద్నాలుగో లూయీ ఇచ్చే రోజుల్లో, అది అసలు పెట్టే కాదు. నడిమధ్య రాజు బొమ్మ, చుట్టూ వజ్రాలు ఉన్న పతకం లాంటి నగ. తర్వాతి శతాబ్దంలో పొడుం అలవాటు దర్బారంతా పాకాక, ఆ బొమ్మ డబ్బీ మూత మీదికి ఎక్కింది. పతకమూ డబ్బీ రెండూ పక్కపక్కన నడిచాయి. ఫ్రాంక్లిన్‌ది పతకం తరహాది, లీది డబ్బీ. తర్వాత రాసిన చాలామంది రెండింటినీ పొడుం డబ్బీలనే అనేశారు. అందుకే ఒకే వస్తువు గురించి చదువుతున్నామని అనుకుంటూ రెండింటి గురించి చదువుతుంటాం.

ఇక పొడుం. 1560 ప్రాంతంలో పోర్చుగల్‌లో ఫ్రెంచి రాయబారిగా ఉన్న జాన్ నికో, లిస్బన్ నుంచి పొగాకును మందుగా ఫ్రాన్స్ రాణి కాథరిన్ ద మెదిచికి పంపాడు. నికోటిన్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. మొదట్లో పొగాకును గట్టిగా చుట్టలు చుట్టి, కావలసినప్పుడు చిన్న తురుము పీట మీద ఎవరికి వారే తురుముకునేవారు. తయారు పొడుం దుకాణాల్లో దొరకడం మొదలయ్యాక జేబులో మోసుకెళ్లే డబ్బీ అవసరమైంది. పొడుం సుకుమారమైన సరుకు. గాలి తగిలితే ఎండిపోయి ఘాటు, వాసన పోతాయి, తేమ తగిలితే గడ్డ కడుతుంది. కాబట్టి మూత బిగుతుగా పడాలి. పైగా రోజుకు ఎన్నోసార్లు ఒక చేత్తో పట్టుకుని తెరవాల్సిన డబ్బీ కనుక తేలిగ్గానూ తెరుచుకోవాలి. బిగుతూ తేలికా రెండూ ఒకే బందులో కుదరాలంటే మామూలు పనితనం చాలదు. పారిస్ కంసాలుల మంచి డబ్బీల్లో మూత మూశాక బందు ఎక్కడుందో వేలికి తగలదు, కంటికి ఆనదు. నాకు ఈ డబ్బీల్లో వజ్రాల కంటే ఈ బందే గొప్పగా కనిపిస్తుంది.

నలుగురిలో డబ్బీ తీయడం, తెరవడం, ఎదుటివాడికి ముందుగా అందించడం ఒక మర్యాదగా మారింది. మనం తమలపాకుల పళ్లెం జరిపినట్టన్న మాట. అలా చూపించుకునే వస్తువు అయ్యాక అది తగరంలో, కొమ్ములో ఆగదు. బంగారంలోకి వెళ్లింది. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ విలువైన రాళ్లు తొలిచి చేయించిన డబ్బీలను పెద్ద ఎత్తున పోగుచేశాడు. ఇంగ్లండ్ రాణి షార్లెట్‌కు ఉన్న పొడుం అలవాటు దేశమంతటికీ తెలిసిన సంగతే.

18వ శతాబ్దం పారిస్‌లో బంగారు పని చేయడం అంటే అడుగడుగునా ముద్రలు వేయించుకోవడం. ఈ డబ్బీలకు వాడింది 20 కేరట్ల పైచిలుకు బంగారం. కంసాలి తన సొంత ముద్ర కొట్టాలి. కంసాలుల సంఘం బంగారం నాణ్యత చూసి, ఏటా మారే అక్షరంతో ఇంకో ముద్ర కొడుతుంది. రాజు తరఫున సుంకం గుత్తకు తీసుకున్నవాళ్లవి మరో రెండు. పని మొదలవుతున్నప్పుడే వచ్చి ముక్కల మీద ఒకటి కొడతారు, సుంకం కట్టించుకున్నాక ఇంకొకటి. మొదటిది ఉండి రెండోది లేకపోతే సుంకం బాకీ ఉందని అర్థం. మన హాల్‌మార్క్ కొనేవాడి భరోసా కోసం. ఆ ముద్రల్లో సగం రాజుగారి ఖజానా కోసం. కానీ ఆ వసూళ్ల పుణ్యమా అని, ఇవాళ ఒక డబ్బీని తిప్పి చూసి ఏ ఊళ్లో, ఏ ఏడాదిలో, ఎవరి చేతిలో తయారైందో చెప్పగలుగుతున్నారు. ఆ కాలపు మరే ఇతర నగకూ ఇంత వివరమైన జన్మపత్రిక దొరకడం కష్టం.

బంగారం కూడా ఒకే రంగులో ఉండదు. రాగి పాళ్లు పెంచితే ఎర్రన, వెండి పెంచితే ఆకుపచ్చ ఛాయ. అలాంటి మూడు నాలుగు ఛాయల బంగారంతో పూలదండలు, రిబ్బన్లు చెక్కేవారు. కొన్ని డబ్బీల్లో లేత్ లాంటి యంత్రంతో సన్నటి అలల గీతలు గీసి, వాటి మీద పారదర్శకమైన ఎనామెల్, అంటే కరిగించిన రంగు గాజు, పోసేవారు. వెలుతురు పడితే నీలం గాజు కింద నీళ్లు కదులుతున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి, ఆ ముఖానికి వద్దాం. ఇలాంటి చిన్న బొమ్మను మినియేచర్ అంటాం. ఆ మాటకు "చిన్నది" అనే అర్థం తర్వాత పట్టుకుంది. దాని మూలం మినియం, అంటే సీసం నుంచి తీసే ఎర్ర సింధూరం. చేతిరాత గ్రంథాలను ఆ ఎరుపుతో అలంకరించే పని నుంచి మాట పుట్టింది. పుస్తకాల్లోని బొమ్మలు చిన్నవి కాబట్టి, చిన్న బొమ్మకల్లా అదే పేరు స్థిరపడింది.

ఎనామెల్ అంటే మనవాళ్లకు తెలిసిన మీనా పనే. లోహం మీద రంగు గాజు పొడి వేసి, కొలిమిలో కరిగించి అతికించడం. కానీ జైపూర్ మీనా నగను, ఈ ముఖచిత్రాన్ని పక్కపక్కన పెడితే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మీనాలో బంగారాన్ని గుంటలుగా చెక్కి, ఒక్కో గుంటలో ఒక్కో రంగు నింపుతారు. రంగుకు రంగుకు మధ్య లోహపు గట్టు ఉంటుంది. చెంప మీది ఎరుపు మెల్లగా తెలుపులో కలిసిపోవాలంటే ఆ గట్టు అడ్డం. 1630ల ప్రాంతంలో ఫ్రాన్స్‌లో జాన్ తూతాన్ అనే కంసాలి ఈ గట్టును తీసేసే పద్ధతి పట్టుకున్నాడు. రేకు మొత్తం తెల్లటి ఎనామెల్ పూత పూసి కాల్చి, దాన్నే కాగితంలా వాడుకుని, లోహాల భస్మాలతో చేసిన రంగులతో కుంచెతో బొమ్మ వేయడం.

చెప్పినంత సులువు కాదిది. పలుచని బంగారు రేకును కొద్దిగా ఉబ్బెత్తుగా కొడతారు. ముందువైపు మాత్రమే గాజు పూస్తే, చల్లారేటప్పుడు గాజు ఒకలా, లోహం ఒకలా కుదించుకుని రేకు వంకర పోతుంది, పూత పగులుతుంది. అందుకని ఎవరూ చూడని వెనకవైపు కూడా అంతే శ్రద్ధగా పూస్తారు. తెలుపుకు తగరం భస్మం, నీలానికి కోబాల్ట్, ఆకుపచ్చకు రాగి, గోధుమ ఎరుపులకు ఇనుము, ఊదాకు మాంగనీసు. పెదవుల మీది గులాబీ రంగు మాత్రం బంగారం నుంచే వస్తుంది. మెత్తగా నూరిన ఈ పొడులను నూనెలో కలిపి, భూతద్దం కింద చుక్కలు చుక్కలుగా పెడతారు. ఎక్కువ వేడి తట్టుకునే రంగులు ముందు, తట్టుకోనివి చివర. ఒక్కో విడతకూ సుమారు 700 నుంచి 850 డిగ్రీల వేడిలో కొద్ది నిమిషాలు కాల్చాలి. అలా ఎన్నోసార్లు. కుంచెతో పెట్టినప్పుడు కనిపించే రంగు వేరు, కాలాక వచ్చే రంగు వేరు. వచ్చేదాన్ని మనసులో చూస్తూ వేయాలి. చివరి కాల్పులో చిన్న బుడగ లేచినా, పూత చిట్లినా వారాల కష్టం పోయినట్టే. చెరిపి దిద్దుకునే వీలు లేదు.

ఇంత తిప్పలు ఎందుకు పడ్డారంటే గాజు వెలిసిపోదు. 17వ శతాబ్దంలో వేసిన ముఖాలు ఇవాళ కూడా నిన్న కాల్చినంత తాజాగా ఉన్నాయి. ఈ పనిలో అందరికంటే పేరున్నవాడు జాన్ పెతితో. 1607లో జెనీవాలో పుట్టాడు. లండన్‌లో మొదటి చార్లెస్ దగ్గర, తర్వాత పారిస్‌లో పద్నాలుగో లూయీ దగ్గర పనిచేశాడు. రాజు కానుకగా పంచిన తన ముఖాల్లో ఎన్నో పెతితో చేతి పనే. ఆయన ప్రొటెస్టెంట్. 1685లో లూయీ ప్రొటెస్టెంట్ల హక్కులను రద్దు చేసినప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ల ఆ ముసలాయనను జైల్లో పెట్టి మతం మార్చుకోమన్నారు. దశాబ్దాల పాటు ఏ ముఖాన్ని చుక్క చుక్కగా కొలిమిలో నిలబెట్టాడో, ఆ ముఖం గల రాజే ఆయనను బంధించాడు. చివరికి బయటపడి స్విట్జర్లాండ్ చేరి, 1691లో అక్కడే చనిపోయాడు. పెతితో వేసిన లూయీ బొమ్మలను చూసిన ప్రతిసారీ నాకు రాజు కంటే ముందు ఆ జైలు గుర్తొస్తుంది.

లండన్‌లో రెండో జార్జ్ దగ్గర ఇదే పని చేసిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ జింకె జర్మనీ నుంచి వచ్చినవాడు. రాజును ఇరవై ఐదేళ్లకు మించి కనిపించనివ్వద్దని రాణి, రాణిని ఇరవై ఎనిమిదికి మించనివ్వద్దని రాజు ఆయనకు విడివిడిగా చెప్పారని ఆ కాలంలోనే రాసిపెట్టారు. అప్పటికి ఇద్దరూ నలభైలు దాటినవాళ్లే. కాబట్టి ఈ బొమ్మల్లో ముఖాన్ని చూసి వయసు లెక్కగట్టకూడదు.

అయితే డబ్బీ మీద ఉన్న ప్రతి ముఖం ఎనామెల్ కాదు. 1700 ప్రాంతంలో వెనిస్‌లో రొసాల్బా కరియెరా అనే యువతి పొడుం డబ్బీల మూతల కోసం ఏనుగు దంతపు పలుచని బిళ్లల మీద నీటిరంగులతో బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. దంతం కింది నుంచి వచ్చే మెరుపు చర్మానికి సరిగ్గా సరిపోయింది. కొలిమి అక్కర్లేదు, తప్పు చేస్తే దిద్దుకోవచ్చు, త్వరగా అయిపోతుంది. 18వ శతాబ్దం రెండో సగానికి దంతమే ఎక్కువైంది. ఫ్రాంక్లిన్‌కు వచ్చిన లూయీ బొమ్మ కూడా దంతం మీదిదే. కానీ నీటిరంగుల్లోని ఎరుపులు వెలుతురుకు ఓడిపోతాయి. అందుకే దంతపు బొమ్మల్లో చాలా ముఖాలు ఇప్పుడు పాలిపోయి కనిపిస్తాయి. మ్యూజియంలు వాటిని మసక వెలుతురులో ఉంచుతాయి. చూసేవాడు తేడా పట్టడానికి ఒక దారి ఉంది. దంతపు బిళ్ల చదునుగా ఉంటుంది, దాని మీద కాపలాకు అద్దం ఉంటుంది. ఎనామెల్ కొంచెం ఉబ్బెత్తుగా, తనే గాజులా మెరుస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వెళ్దాం. మన ఇళ్లలో పురోహితుడికి, పెద్దలకు డబ్బు ఉత్త చేత్తో ఇవ్వం. తాంబూలంలో పెట్టి నూటపదహార్లు ఇస్తాం. ఆ ఆకులూ వక్కలూ లేకపోతే అదే డబ్బు కూలీ అవుతుంది. రాజు ముఖం చేసింది సరిగ్గా ఆ తాంబూలం పనే అని నా అభిప్రాయం. విదేశీ రాయబారికి బంగారు నాణేల సంచి ఇస్తే అది కొనడం. తన బొమ్మ పెట్టి, దాని చుట్టూ అంతే విలువైన వజ్రాలు పొదిగి ఇస్తే అది ఆదరం. పొడుం డబ్బీ మగవాళ్లు రోజూ నలుగురిలో తెరిచే వస్తువు కాబట్టి ఆ ఆదరం పదిమందికీ తెలుస్తుంది. ఏ హోదా రాయబారికి ఎంత విలువ గల డబ్బీ అన్నది ముందే లెక్క. ఫ్రెంచి విదేశాంగ శాఖలో రాజుగారి కానుకలకు విడిగా పద్దు పుస్తకాలే ఉన్నాయి.

పుచ్చుకున్నవాళ్లకూ ఇది డబ్బేనని బాగా తెలుసు. చాలామంది వజ్రాలు అమ్ముకున్నారు, లేదా డబ్బీనే తిరిగి అమ్మేశారు. రష్యాలో ఇది బాహాటంగా జరిగింది. జార్ చక్రవర్తి ఇచ్చిన డబ్బీని అక్కడి రాజ కానుకల కార్యాలయంలోనే తిరిగిచ్చి నగదు తీసుకోవచ్చు. అదే డబ్బీ మళ్లీ ఇంకొకరికి కానుకగా వెళ్లేది. రెండో నికొలస్ కాలంలో ఫాబెర్జె నగల సంస్థ చేసిన డబ్బీలు, వాటి మీద వాసిలీ జూయెవ్ వేసిన జార్ బొమ్మలు ఈ ఆచారానికి చివరి రోజులవి. బ్రిటిష్ విదేశాంగ మంత్రి కాసిల్‌రేది ఇంకో దారి. నెపోలియన్ యుద్ధాలు ముగిసి సంధులు కుదిరినప్పుడు యూరప్ రాజులందరూ ఇచ్చిన బంగారు డబ్బీలు ఆయన దగ్గర పోగుపడ్డాయి. ఆ బంగారాన్ని కరిగించి పెద్ద సిరాబుడ్డి స్టాండు చేయించారు.

ఇలాంటి కానుక పుచ్చుకున్న మనిషి రేపు ఎవరి మాట వింటాడు? ఈ అనుమానం పాతదే. డచ్చివాళ్లు తమ రాయబారులు కానుకలు తీసుకోవడాన్ని 1651లోనే నిషేధించారు. అమెరికా తొలి ఒప్పంద పత్రంలోనూ నిషేధం ఉంది. అయినా లీ, ఫ్రాంక్లిన్ ఇద్దరూ తమ చట్టసభ అయిన కాంగ్రెస్‌ను అడిగారు, కాంగ్రెస్ ఇద్దరినీ ఉంచుకోమంది. పొమ్మంటే రాజుకు అవమానం, సరేనంటే తమ నియమానికి భంగం. 1787లో కొత్త రాజ్యాంగం రాసినప్పుడు ఈ చిక్కుకు దారి చూపారు. పదవిలో ఉన్నవాళ్లు కాంగ్రెస్ అనుమతి లేకుండా ఏ రాజు నుంచీ, విదేశం నుంచీ కానుక తీసుకోకూడదని రాశారు. మరుసటి ఏడాది ఆ రాజ్యాంగాన్ని ఆమోదించాలా అని చర్చించిన వర్జీనియా సభలో ఎడ్మండ్ రాండాల్ఫ్ ఈ నియమాన్ని సమర్థిస్తూ, తమ మిత్ర రాజు తమ రాయబారికి ఒక పెట్టె ఇచ్చిన ఘటనే దీనికి కారణమని చెప్పాడు.

మన రాజ్యాంగం 18వ అధికరణం తెరిస్తే బిరుదుల రద్దు గురించిన నాలుగు నిబంధనలు కనిపిస్తాయి. నాలుగోది ఏమంటుందంటే, ప్రభుత్వంలో లాభదాయకమైన లేదా నమ్మకమైన పదవిలో ఉన్న ఎవరూ రాష్ట్రపతి సమ్మతి లేకుండా విదేశం నుంచి కానుక గానీ, జీతభత్యం గానీ, పదవి గానీ స్వీకరించరాదు. అమెరికా నిబంధన పక్కన పెట్టి చదివితే మాటకు మాట పోలిక తెలుస్తుంది. మన మంత్రులు, అధికారులు విదేశాల్లో అందుకున్న బహుమతులు ఢిల్లీలో విదేశాంగ శాఖ తోషాఖానాకు, అంటే కానుకల భాండాగారానికి, చేరడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. ఫ్రెంచి రాజుల వెర్సాయ్ దర్బారులో ఇచ్చిన పొడుం డబ్బీకి, ఢిల్లీ తోషాఖానాకి ఇంత దగ్గర చుట్టరికం ఉంటుందని ఈ విషయం చదవడం మొదలుపెట్టినప్పుడు నేను ఊహించలేదు.

అమ్ముకోవడం, కరిగించడం, తిరిగి ఇవ్వడం ఇంతగా జరిగాయి కాబట్టే, ఇవాళ ఒక డబ్బీ కనిపిస్తే ముఖం, పెట్టె, ముద్రలు మూడూ పుట్టుకతో కలిసినవేనా అని అడగాలి. ఖాళీ మూతకు తర్వాత ఎవరో పాత బొమ్మ అతికించి ఉండొచ్చు. గుండ్రటి చోటులో ఇమడ్చడానికి పెద్ద బొమ్మ అంచులు కోసి ఉండొచ్చు. జర్మనీలోని హనావ్ పట్టణంలో మంచి కంసాలులు ఉండేవారు. వాళ్ల డబ్బీల మీద పారిస్ ముద్రలను పోలిన ముద్రలు కొట్టేవారు. 19వ శతాబ్దంలో పాత ఫ్రెంచి పద్ధతిని అచ్చుగుద్దినట్టు చేసినవి చాలా వచ్చాయి. 1838 నుంచి ఫ్రాన్స్‌లో 18 కేరట్ల బంగారానికి గద్ద తల ముద్ర వేస్తున్నారు. 1760 నాటిదని చెప్పే డబ్బీ మీద గద్ద తల ఉంటే వెంటనే నకిలీ అనడానికి లేదు. పాత వస్తువు తర్వాత ఎప్పుడో మళ్లీ అమ్మకానికి వచ్చినప్పుడు కొట్టింది కావచ్చు. ఒక్క గద్ద తల తప్ప పాత ముద్రలు ఏవీ లేకపోతే అప్పుడు అనుమానించాలి. దెబ్బ తిన్న ఎనామెల్‌ను మళ్లీ కొలిమిలో పెట్టడానికి భయపడి రంగు, జిగురుతో పూడ్చేస్తారు. అతినీలలోహిత కాంతి కింద ఆ మరమ్మతు వేరే రంగులో మెరిసి బయటపడిపోతుంది.

దొంగలకు మాత్రం ఈ వివరాలేవీ అక్కర్లేదు. 2003లో ఇంగ్లండ్‌లోని వాడెస్డన్ మేనర్ అనే భవంతి నుంచి వందకు పైగా బంగారు డబ్బీలు, చిన్న వస్తువులు ఎత్తుకుపోయారు. 2024 నవంబర్ 20న పారిస్‌లోని కొన్యాక్-జే మ్యూజియంలోకి పట్టపగలు, సందర్శకులు ఉండగానే, గొడ్డళ్లతో వచ్చి ఏడు డబ్బీలు పట్టుకెళ్లారు. వాటిలో ఐదు తర్వాత దొరికాయి. కరిగించి ఉంటే ఒక్కోటి ఒక చిన్న బంగారు ముద్ద, ఒక చిటికెడు గాజు పొడి.

ఫ్రాంక్లిన్ తన బొమ్మను కూతురు సారాకు రాసిచ్చాడు. వీలునామాలో ఒక కోరిక కూడా పెట్టాడు. ఆ 408 వజ్రాలలో ఒక్కదాన్ని కూడా తనకో తన కూతుళ్లకో నగగా మార్చి, పనికిరాని ఖరీదైన ఫ్యాషన్‌ను ఈ దేశంలో ప్రోత్సహించవద్దని. సారా నగలు చేయించుకోలేదు. బయటి వరస వజ్రాలు అమ్మేసి, ఆ డబ్బుతో భర్తతో కలిసి లండన్ చూసి వచ్చింది. మిగతావీ దాదాపు అన్నీ తర్వాత తర్వాత పోయాయి. దంతం మీది లూయీ ముఖం ఇప్పుడు ఫిలడెల్ఫియాలో, ఫ్రాంక్లిన్ స్థాపించిన అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీలో ఉంది.